పెద్దాయన ఎడమ చెవి

కళ్ళద్దాల షాపాయనకి భార్య తమ్ముడి మాటెత్తితే ఒళ్ళు మండేది. ఆ మంటకి తొమ్మిదేళ్ళ వయసుంది. అంతకుముందు ఆ బావా బావమరుదులు భుజాల మీద చేతులు వేసుకుని తిరిగినవాళ్ళే. వాళ్ళ మధ్య చిచ్చు పెట్టింది ఆస్తీ కాదు, ఆడదీ కాదు. ఎప్పుడో చచ్చిపోయిన ఒక నాయకుడి ఫోటో.

ఆ నాయకుణ్ణి అక్కడ అందరూ పెద్దాయన అనే అంటారు. తొంభై ఏళ్ళ కిందట ఆరేళ్ళపాటు దేశాన్ని ఏలాడు. ఏలినన్నాళ్ళూ ప్రతి బడిలో, ప్రతి కచేరీలో, ప్రతి ఇంటి ముందుగదిలో తన ఫోటో ఉండి తీరాలని హుకుం జారీ చేశాడు. గద్దె దిగిన వారంలోనే జనం ఆ ఫోటోలన్నీ పొయ్యిల్లో పెట్టారు. అందుకే ఇప్పుడు ఒక్కటి దొరకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. షాపాయన ఇరవై రెండేళ్ళుగా అటకల మీది పెట్టెలు, పాత సామాన్ల కొట్లు, వేరే పటాల వెనక కుక్కిన అట్టముక్కలు వెతికి వెతికి నలభై పోగేశాడు. అందులో పద్నాలుగు ఆ ఊరి స్టూడియోలోనే తీసినవి. ఆ స్టూడియో మూతపడి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మెడదాకా గుండీలు పెట్టిన కోటు, దువ్విన మీసం, ఎడమ చెయ్యి పుస్తకం మీద. ఆ పద్నాలుగింటినీ షాపులో ఫ్రేముల అద్దాల బీరువా పైన వరసగా వేలాడదీశాడు.

"రాజకీయాలు నాకు పట్టవండీ," అనేవాడు వచ్చినవాళ్ళతో. "ఆ చూపు చూడండి చాలు. నా సర్వీసులో ఎన్ని వేల కళ్ళు పరీక్ష చేశానో నాకే తెలీదు. రెప్ప వాల్చకుండా అలా చూసే కన్ను మళ్ళీ తగల్లేదు. ఏలడానికి పుట్టినవాడి కన్నండీ అది!"

కళ్ళద్దాలు ఎప్పుడిస్తాడా అని చూసేవాళ్ళు అవునవునని తలాడించేవాళ్ళు.

ఇక గొడవ సంగతి. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆయన నోరు జారాడు. ఊరవతల క్షవరం షాపులో అద్దం వెనక పెద్దాయన ఫోటో ఒకటుందనీ, నిలువెత్తు సైజనీ, రేపు పొద్దున్నే వెళ్ళి మాట్లాడుకుంటాననీ చెప్పాడు. బావమరిది వకీలు. విన్నాడు, పెరుగన్నం కలుపుకున్నాడు. మర్నాడు షాపాయన వెళ్ళేసరికి గోడ మీద మేకు మాత్రమే ఉంది.

"నిన్న సాయంత్రమే పట్టుకెళ్ళారుగా మీవాళ్ళు," అన్నాడు క్షవరం చేసేవాడు. "బావగారే పంపారన్నారు."

అప్పటిదాకా తన పెళ్ళి ఫోటో తప్ప ఇంకే ఫోటో మొహమూ చూడని వకీలు ఆ రోజునుంచి పెద్దాయన ఫోటోలు పోగెయ్యడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. స్టూడియో ఫోటోల్లో పెద్దాయన ఎడమ చెవి పై అంచున చిన్న గాటు కనిపిస్తుంది. దాన్ని మొదట భూతద్దంలో చూసిందీ, మొదట చెప్పిందీ షాపాయన. పెద్దాయన మీద ఒకసారి ఎవడో తుపాకీ పేల్చాడని చరిత్రలో ఉంది. వకీలు ఈ రెంటినీ ముడిపెట్టి, ఆ గాటు తూటా రాసుకుపోయిన గుర్తేననీ, అది ఉన్న ఫోటోయే అసలుదనీ ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. పుస్తకంలో బావ ఊసు లేదు. ఫోటోలు పోగేసేవాళ్ళందరూ ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తూటా గుర్తుందా లేదా అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న అయిపోయింది. షాపాయన కూడా పళ్ళు నూరుకుంటూ దాన్నే నమ్మాడు.

అప్పటినుంచీ ఇద్దరూ ఎదురుపడితే ఇద్దరి మాటలూ షాపాయన భార్య మీదుగా నడిచేవి.

"మీ తమ్ముణ్ణి కొంచెం పక్కకి జరగమను, చెప్పులేసుకోవాలి."

"అక్కా, బావకి చెప్పు, చెప్పులు నా కింద లేవు."

"మధ్యలో నేనేమైనా టెలిఫోనునా?" అని ఆవిడ విసుక్కునేది.

తొమ్మిదో ఏట వకీలు తన ఫోటోలన్నీ ఊరి గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాడనీ, మేడ మీది గదికి ఆయన పేరు పెడతారనీ ఆహ్వానపత్రిక వచ్చింది. ఆవిడ దాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది. షాపాయన దాన్ని బోర్లా తిప్పి దానిమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు.

"ఎంతైనా నా తమ్ముడండీ," అంది ఆవిడ.

"అదే కదా నా ఖర్మ," అన్నాడాయన.

అది జరిగిన రెండోరోజు ఒక ముసలావిడ షాపుకొచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళన్నది. బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టి కుట్టి రిటైరయిందట. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుని నెలన్నర అయింది. మనిషి పుల్లలా ఉంది, నోరు మాత్రం కత్తి. కుర్చీ ఎత్తుగా ఉందని ఒకసారి, దీపం కళ్ళల్లో పొడుస్తోందని ఒకసారి ఆయన్ని కసిరింది. ఆయన ఓపిగ్గా పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కుమీద కూర్చోబెట్టి, ఒక్కొక్క బిళ్ళా మారుస్తూ వచ్చాడు.

"ఇప్పుడు చదవండమ్మా. కింది వరస."

ఆవిడ చదవలేదు. అక్షరాల బోర్డు పక్కనుంచి చూపు పైకి పోయింది. లేచి నిలబడింది. ఫ్రేము జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని బీరువా దాకా నడిచింది. మొదటి ఫోటో నుంచి చివరి ఫోటో దాకా మెడ ఎత్తి చూసుకుంటూ పోయింది.

"మా నాన్నని ఇక్కడెందుకు వేలాడదీశావు?" అంది.

షాపాయన నవ్వాడు. "అది మీ నాన్న కాదమ్మా. పెద్దాయన. దేశాన్ని ఏలినాయన."

"నాకు కళ్ళు కనపడకపోతే నీ దగ్గరికొచ్చాను గానీ, మతి లేక రాలేదు. ఆ చెవి చూడు. చిన్నప్పుడు కుక్క కరిచింది. మా నాన్న అది."

"అది తూటా గుర్తు."

"కుక్క పన్ను గుర్తు! నేను పసిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకునే నిద్రపోయేదాన్ని. నాకు చెప్తావా నువ్వు?"

ముక్కూమొహం తెలియని మనిషి తన షాపులో నిలబడి తన పెద్దాయన చెవి కుక్క కరిచిందంటే ఆయనకి తిక్క రేగింది. మీకు వయసు మీద పడి చాదస్తం ఎక్కువైందనీ, కళ్ళద్దాలు వచ్చేవారం వచ్చి తీసుకెళ్ళమనీ గట్టిగానే అన్నాడు. ఆవిడ కదల్లేదు. కుర్చీలో మళ్ళీ కూర్చుని, ఆయన విన్నా వినకపోయినా చెప్పుకుపోయింది.

వాళ్ళ నాన్న ఆ స్టూడియోలో తెరలు లాగే పనివాడు. గది ఊడ్చేవాడు, కుర్చీలు జరిపేవాడు. పెద్దాయన ఈ ఊరికి ఒక్కసారే వచ్చాడు. స్టూడియోలో పావుగంట కూర్చున్నాడో లేదో విసుగొచ్చి లేచిపోయాడు. తీసినవన్నీ కళ్ళు మూసుకున్నవో, మొహం తిప్పుకున్నవో అయ్యాయి. ఇంటింటికీ ఫోటో ఉండాలని హుకుం. ఫోటో లేదంటే స్టూడియో యజమాని తల ఉండదు. తెరలు లాగేవాడికి అదే నుదురు, అదే ముక్కు. అలాంటి కోటే కుట్టించి తొడిగారు, మీసం పెంచమన్నారు, కుర్చీలో కూర్చోబెట్టారు. అలా ఆయన వేల ఇళ్ళల్లో గోడెక్కాడు.

"ఆ దొర దిగిపోయాక జనం మా నాన్నని బజార్లో పట్టుకున్నారు. పారిపోతున్న దొర అనుకున్నారు. మోకాలి చిప్ప పగలగొట్టారు, దవడ విరగ్గొట్టారు. వాడు కాదురా అని ఎవరో అరిచారట. కాకపోతేనేం, పోలికుందిగా అన్నారట ఇంకొకళ్ళు. మళ్ళీ కొట్టారు. నేను పుట్టడం ఆ తర్వాతే. మా నాన్న మీసం తీసేశాడు. బయటికెళ్తే ఎండాకాలమైనా మెడగుడ్డ మొహానికి చుట్టుకునేవాడు. ఫోటో అన్న మాట వింటే గదిలోంచి లేచిపోయేవాడు. నాకు పదకొండో ఏట పోయాడు. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు." ఆవిడ బీరువా వైపు వేలు చూపించింది. "నీకు పద్నాలుగా?"

వెళ్ళేముందు గడప దగ్గర ఆగి, "వేరేవాడి పేరు చెప్పుకుని మా నాన్నని చూపించుకుని బతుకుతున్నావు. సిగ్గులేదూ?" అని మరీ వెళ్ళింది.

షాపాయన ఆ మధ్యాహ్నం తలుపులు దగ్గరికేసి, పద్నాలుగు ఫోటోలూ దించి, భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. ముసలావిడ అబద్ధమాడిందని తేల్చుకుందామనే కూర్చున్నాడు. పద్నాలుగింటిలోనూ గాటుంది. మిగిలిన ఇరవై ఆరులో ఇరవై ఐదు సభల్లోవీ ఊరేగింపుల్లోవీ. చెవి టోపీ కిందో, నీడలోనో, పక్కవాడి భుజం వెనకో ఉంది. ఆయన ఎప్పుడూ కళ్ళే చూసుకున్నాడు గానీ చెవుల లెక్క తియ్యలేదు.

అప్పుడు సొరుగు గుర్తొచ్చింది. అందులో ఆ మిగిలిన ఒక్క ఫోటో ఏళ్ళ తరబడి పడి ఉంది. పెద్దాయన దేశం విడిచి వెళ్ళిపోతూ ఓడ మెట్లెక్కుతుండగా ఏదో పత్రికవాడు పక్కనుంచి తీసినది. చూపు కనపడదని షాపాయన దాన్ని లోపలే ఉంచేశాడు. ఎడమ వైపు మొహం. నెత్తిన టోపీ లేదు. ఎండ నేరుగా పడుతోంది.

చెవి నిండుగా ఉంది. గాటు లేదు, గీత లేదు. తుపాకీ పేలింది ఆ ఓడ ఎక్కడానికి రెండేళ్ళ ముందు. తెగిన చెవి మళ్ళీ మొలవదు.

షాపాయనకి తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళు ఏలడానికి పుట్టినవాడి కన్ను అని ఊరందరికీ చూపించింది ఒక తెరలు లాగేవాడి కన్ను. ఆ రెప్ప వాల్చని చూపు, కదిలితే యజమాని తిడతాడన్న భయం తప్ప మరేమీ కాదు. 

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. అది రాగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. వకీలు గ్రంథాలయానికి ఇచ్చే వాటిలో సగానికి పైగా ఈ స్టూడియోవే. క్షవరం షాపులో కొట్టేసిన నిలువెత్తు ఫోటో కూడా. అచ్చేయించిన పుస్తకమంతా ఈ చెవి మీదే నిలబడింది.

వారం తిరిగేలోగా ముసలావిడ కళ్ళద్దాలు తయారు చేయించి, తనే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చాడు. చాదస్తమన్నందుకు క్షమించమన్నాడు.

"మీ నాన్నగారి సంగతి నలుగురిలో చెప్తారా, పెద్దమ్మా?" అనడిగాడు. "గ్రంథాలయంలో సభ ఉంది. నేను తీసుకెళ్తాను."

ఆవిడ కొత్త కళ్ళద్దాల్లోంచి ఆయన్ని చాలాసేపు చూసింది. "ఇది మా నాన్న కోసమేనా?"

"మరి దేనికోసం?"

"నీ మొహం చూస్తే ఎవరిమీదో పగ తీర్చుకునేట్టున్నావు," అంది. అయినా వస్తానంది. అంత పెద్ద ఫోటో ఉందంటే చూడాలనుందట.

సభ రోజు మేడ మీది గది కిక్కిరిసింది. గోడలకి కొత్త రంగు వేశారు, వాసనింకా పోలేదు. ఎదురుగా నిలువెత్తు ఫోటో. గుమ్మం పైన వకీలు పేరున్న ఇత్తడి పలక, దానికి తెర. షాపాయన భార్య మొదటి వరసలో తమ్ముడి పక్కన కూర్చుంది. మొగుడు ఒక ముసలావిడని వెంటబెట్టుకుని రావడం చూడగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది.

వకీలు మాట్లాడుతున్నాడు. తూటా గుర్తు దగ్గరికి వచ్చేసరికి షాపాయన లేచాడు.

"అది తూటా కాదు. కుక్క కరిచింది."

కొందరు నవ్వారు. తొమ్మిదేళ్ళ తర్వాత బావ తనతో నేరుగా మాట్లాడటం చూసి వకీలు ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు.

"ఏంటి బావా, కడుపుమంట ఇంకా చల్లారలేదా?"

షాపాయన ఓడ మెట్ల ఫోటో బల్లమీద పెట్టాడు. ముసలావిడ చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చాడు. వాళ్ళ నాన్న సంగతి ఆవిడ చేతే చెప్పించాడు. ఆవిడ షాపులో చెప్పినంత బాగా చెప్పలేకపోయింది. అంతమంది తననే చూస్తుంటే మాటలు తడబడ్డాయి. సంవత్సరాలు ముందూ వెనకా అయ్యాయి. వకీలు కోర్టులో సాక్షిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"మీ నాన్న స్టూడియోలో పనిచేసినట్టు కాగితం ఉందా?"

"కాగితమెక్కడిది?"

"జీతం చీటీ? కనీసం ఒక ఉత్తరం ముక్క?"

"ఆయనకి చదువు రాదు."

"ఆయన ఫోటో ఏదైనా ఉందా, పోల్చి చూడ్డానికి?"

"ఉంటే ఇక్కడికెందుకొస్తాను?"

"అంటే ఏమీ లేదు. దారిన పోయే ప్రతి ముసలమ్మా గోడమీద దొరని చూసి మా నాన్న అంటే నమ్మెయ్యాలన్నమాట!" వకీలు జనం వైపు తిరిగాడు. "నన్నడిగితే చీపురు పట్టుకునేవాడికి ఆ కూర్చునే తీరు ఏడు జన్మలెత్తినా రాదు. ఎవరో నేర్పి తీసుకొచ్చారు ఈవిణ్ణి. ఎంత ఇస్తానన్నాడమ్మా మా బావ?"

ముసలావిడ మొహం పాలిపోయింది. షాపాయన వైపు చూసింది, ఏదైనా అంటాడేమోనని. ఆయన ఆవిడ వైపు చూడటం లేదు. వకీలు మెడమీద పైకీ కిందకీ ఆడుతున్న నరాన్ని చూస్తున్నాడు. ఇంకా పెద్ద గొయ్యి తవ్వుకోనీ, అప్పుడు తోస్తాను అనుకుంటున్నాడు.

చాలాసేపు ఆగి, జేబులోంచి భూతద్దం తీసి లైబ్రేరియన్ చేతికిచ్చాడు. ఆవిడ ఎవరి పక్షమూ కాని, మాట పొదుపు మనిషి. ఓడ మెట్ల ఫోటో చూసింది. దాని వెనక పత్రిక ముద్ర, తేదీ చూసింది. స్టూలు తెప్పించుకుని ఎక్కి, నిలువెత్తు ఫోటో చెవి చూసింది. మళ్ళీ దిగి బల్లమీద చూసింది. 

"ఈ రెండు చెవులూ ఒక మనిషివి కావు," అంది. "పలక ఇవాళ తెరవద్దు. కమిటీకి చెప్పాలి."

ఆ తర్వాత గదంతా సంతలా అయింది. భూతద్దం చేతులు మారింది. వకీలు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చినవాళ్ళు దాన్ని మెల్లగా సంచుల్లోకి దోపేశారు. వకీలు జనాన్ని తోసుకుంటూ బావ మొహంలో మొహం పెట్టాడు.

"నీ షాపులో ఉన్నవీ ఇవే కదరా! నీవీ బూడిదేగా!"

జీవితంలో మొదటిసారి బావని రా అన్నాడు.

"బూడిదైతే కానీ," అన్నాడు షాపాయన. "నువ్వు కాలేది చూస్తూ కాలిపోవడం నాకిష్టమే."

ఇంటికెళ్ళేదాకా ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు. కాలర్ గుండీ విప్పుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కాఫీ ఇమ్మన్నాడు. భార్య వంటింట్లోంచి రాలేదు. కాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"ఆవిడ ఇంటికెలా వెళ్ళింది?"

"ఎవరు?"

"మీరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినావిడ. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. మెట్లెలా దిగింది? ఎవరు దింపారు?"

 షాపాయనకి తెలీదు. లైబ్రేరియన్ స్టూలు ఎక్కినప్పటినుంచీ ఆవిడ ఎక్కడుందో ఆయన చూడనే లేదు.

"వాడు నలుగురిలో ఆవిణ్ణి నానామాటలూ అన్నాడు. నా తమ్ముడని చెప్పుకోడానికి సిగ్గేసింది. మీరు చూస్తూ నిలబడ్డారు. భూతద్దం జేబులోనే ఉందిగా? మొదటి మాటకే తీసి ఉంటే ఆవిడకి ఆ తిట్లు తప్పేవి." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "వాడు తిట్టాలనే చూశారు మీరు. ఇన్నాళ్ళూ మీరు వేరు, వాడు వేరు అనుకున్నాను. కాఫీ మీరే పెట్టుకోండి."

ఆయన కాఫీ పెట్టుకోలేదు. భార్య మాటల్లో ఒక్కటి కూడా తీసెయ్యడానికి వీల్లేకుండా ఉంది. అదే ఆయన్ని ఎక్కువ కోసింది.

మర్నాడు పొద్దున్నే పద్నాలుగు ఫోటోలూ దుప్పట్లో చుట్టుకుని ముసలావిడ ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తులో ఒంటిగది. మెట్లకి ఒక పక్కనే కమ్మీ ఉంది. మొన్న కళ్ళద్దాలిచ్చినప్పుడు లోపలికి రమ్మన్న మనిషి ఇవాళ తలుపు సగమే తీసింది. మోచేతికి గుడ్డ కట్టు ఉంది.

"పడ్డారా?" అన్నాడు.

"బస్సు ఎక్కుతుంటే. నీకెందుకు?"

"పెద్దమ్మా, నిన్న నేను చేసింది తప్పే. మిమ్మల్ని..."

"నన్ను కర్రలా వాడుకున్నావు," అందావిడ. "వాణ్ణి కొట్టడానికి. పని అయిపోయాక అక్కడే పారేశావు. మా నాన్నకి కోటు తొడిగిన యజమానికీ నీకూ తేడా ఏముంది? ఆయన కనీసం జీతమిచ్చాడు."

షాపాయన దుప్పటి మూట గడప ముందు దించాడు. "ఇవన్నీ మీవి. పద్నాలుగూ తెచ్చాను," అన్నాడు.

ఆవిడ గడప లోపలే నేలమీద కూర్చుంది. ఆయన వరండాలో గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ దుప్పట్లోంచి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. ఆవిడ ఒక్కోదాన్నీ చూసి, చేత్తో తోసేసింది. ఒకటి, రెండు, ఐదు, ఎనిమిది. ఆయనకి చేతులు పీకుతున్నా దించలేదు. పదకొండోది తీసేసరికి ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

అదీ మిగతావాటిలాంటిదే. అదే కోటు, అదే పుస్తకం. ఇరవై రెండేళ్ళలో ఆయన దాన్ని అంతగా ఇష్టపడలేదు, చూపు కొంచెం చెదిరిందని. ఇప్పుడు దగ్గరగా చూస్తే తెలిసింది. మీసం కింద పెదవి ఒక పక్కకి లాగి ఉంది. ఎవరో కెమెరా వెనకనుంచి ఏదో అన్నట్టున్నారు. కుర్చీలో మనిషి నవ్వు ఆపుకోలేక ఆపుకుంటున్నాడు.

"ఇది చాలు," అంది.

"మిగతావి?"

"వాటిల్లో ఆ దొరలా కూర్చున్నాడు. నాకొద్దు. కాల్చుకుంటావో, గోడకి తగిలించుకుంటావో నీ ఇష్టం. తగిలిస్తే మాత్రం కింద తెరలు లాగేవాడని రాయి. పెద్ద అక్షరాలతో రాయి. చూపు ఆననివాళ్ళే కదా నీ దగ్గరికొచ్చేది."

రాస్తానన్నాడు. ఇంకేదో అనబోయాడు.

"ఇంక ఇటు రాకు," అందావిడ. "కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. నువ్వే బాగాలేవు." తలుపు వేసేసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆయన పదమూడు ఫోటోలనీ మళ్ళీ దుప్పట్లో చుట్టుకున్నాడు. మోకాళ్ళు పట్టేసి వెంటనే లేవలేకపోయాడు. గోడకి చెయ్యి ఆనించి లేస్తుంటే లోపలినుంచి ముసలావిడ గొంతు వినిపించింది. ఎవరితో మాట్లాడుతోందో ఆయనకి ముందు అర్థం కాలేదు.

"అప్పుడు నవ్వొచ్చిందా నీకు?" అంటోంది. గొంతు గట్టిగా, కోపంగా ఉంది. "పదకొండేళ్ళు నీ ఒళ్ళో పెరిగాను కదా నాన్నా. నాకెప్పుడైనా ఒక్కసారి ఇలా నవ్వి చూపించావా? వాళ్ళకి నవ్వావూ? చెప్పు. ఎవరేమన్నారప్పుడు? ఏమన్నారని అంత నవ్వొచ్చింది?"

షాపాయన మూట చంకలో సర్దుకుని, కమ్మీ పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.